పాత ఫోను పసుపు

దారాల వ్యాపారంలో నష్టం ధర వల్ల రాదు, షేడు వల్ల వస్తుంది. ధర ఎక్కువైతే దర్జీ నాలుగు మాటలు అని అయినా కొంటాడు. షేడు తప్పితే ఒక్క మాటా అనడు, మరుసటి వారం నుంచి ఇంకో కొట్టు మెట్లెక్కుతాడు. అందుకే కొట్టు పెట్టిన కొత్తల్లోనే లెక్క వేసుకున్నాను: దారం ఎవరి దగ్గరైనా దొరుకుతుంది, గుడ్డలో కలిసిపోయే దారం నా దగ్గరే దొరకాలి.

ఫోన్లు వచ్చాక ఆ లెక్క ఇంకా బాగా కలిసొచ్చింది. దర్జీలు గుడ్డ ముక్క పట్టుకుని రావడం మానేశారు. కిటికీ పక్కన గుడ్డ పరిచి, ఫోటో తీసి పంపుతారు. నేను ఫోటో చూస్తాను, చెయ్యి దానంతట అదే అరలోకి వెళ్తుంది, రీలు బయటికొస్తుంది. మధ్యలో ఆలోచన అనే ఖర్చు లేదు. పొరుగూళ్ళ దర్జీలు కూడా నన్ను వదలకపోవడానికి అదే కారణం.

ఇంకో అలవాటు కూడా ఉంది నాకు. పనికొచ్చే వస్తువేదైనా జతగా ఉండాలి. కత్తెర ఒకటి వాడకంలో ఉంటే ఇంకోటి సొరుగులో. కళ్ళజోడు అంతే, తాళం అంతే, ఫోనూ అంతే. రెండో ఫోను ఒకటి బేరమాడి కొని, గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టిన రోజు మా ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని అడిగింది:

"అన్నిటికీ స్పేరు పెట్టుకుంటారు కదా, నాకు కూడా ఎక్కడైనా చూసి ఉంచారా?"

"వెతికాను. నీ మోడలు ఇంకెక్కడా తయారవడం లేదంట."

ఆ మాటకి నవ్విందో, మండిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. మొత్తానికి ఆ రోజు కాఫీ మాత్రం వేడిగానే వచ్చింది.

ఇక అసలు సంగతి. మా చెల్లెలు కొండ అవతలి ఊళ్ళో ఉంటుంది. చాలాకాలం ఒక పెద్ద కుట్టుశాలలో పనిచేసి, ఈమధ్యే బయటికొచ్చి, తన ఇంటి ముందుగదిలో సొంతంగా మిషన్లు వేసుకుంది. వచ్చేటప్పుడు ఆ పెద్ద కుట్టుశాల యజమాని కోప్పడలేదు, అంతకన్నా అన్యాయం చేశాడు. "నీ కుర్చీ ఎవరికీ ఇవ్వనులే, ఎలాగూ తిరిగొస్తావు" అని నవ్వి పంపాడు. ఆ నవ్వు మా చెల్లెలికి ముల్లులా దిగింది.

తనకి దొరికిన మొదటి పెద్ద పని ఒక బ్యాండు మేళానికి కోట్లు కుట్టడం. బూడిదరంగుకీ ఆకుపచ్చకీ నడుమ ఎటూ తేల్చుకోని గుడ్డ. బ్యాండు మాస్టారు పెట్టిన షరతు ఒక్కటే: పైకుట్టు దారం కంటికి కనపడకూడదు. నచ్చితే తమ వాళ్ళ కుట్టుపనులన్నీ తనకేనన్నాడు. నచ్చకపోతే ఆ గుడ్డ ఖరీదు కట్టుకుని, మళ్ళీ ఆ నవ్విన పెద్దమనిషి కుర్చీలోనే కూర్చోవాలి.

గుడ్డ ఫోటో సాయంత్రం పంపింది. పొద్దున వెలుతుర్లో చూద్దామని ఆగాను. దీపం కింద రంగు చూసి నమ్మినవాణ్ణి మా వ్యాపారంలో వెర్రివాడంటారు. తెల్లారి చూస్తే ఫోను వెనక మూత పైకి లేచి ఉంది.

రెండు వీధుల అవతల మా బామ్మర్దికి ఫోన్ల రిపేరు కొట్టు ఉంది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బ్యాటరీ ఉబ్బింది బావా. నీకంటే ముందే దీనికి పొట్టొచ్చింది."

"నా పొట్ట సంగతి తర్వాత. సరుకంతా స్పేరు ఫోన్లోకి దించు. చెల్లెలి ఫోటో అందులోనే ఉంది. మొదటి బస్సుకి దారం వెళ్ళిపోవాలి."

రెండు ఫోన్లనీ పక్కపక్కన పడుకోబెట్టి వైరు కలిపాడు. తెర మీద ఒక గీత చీమలా పాకడం మొదలుపెట్టింది. మోసేవాళ్ళు లేరు, బండి లేదు, పగిలిన సామాను లేదు, నా కొట్టు మొత్తం ఒక వైరులోంచి ఇల్లు మారిపోయింది. నంబర్లు, మాటలు, ఫోటోలు అన్నీ. ఇంత చవక రవాణా నా జన్మలో చూడలేదు.

"ఒక్క ఫోటో తగ్గినా నా మీసం తీసేస్తా" అన్నాడు బామ్మర్ది.

"నీ మీసం నాకెందుకురా, ఏ షేడుకీ పనికిరాదు."

కొట్టుకి వచ్చి కొత్త తెర మీద ఫోటో తెరిచాను. తళతళలాడుతూ ఉంది. చెయ్యి అరలోకి వెళ్ళింది, రీలు వచ్చింది, అదే షేడు పెట్టె కట్టి బస్సు కండక్టరు చేతికిచ్చాను. ఆ పూటకి లాభంలో ఉన్నాననుకున్నాను.

మధ్యాహ్నం చెల్లెలు ఫోను చేసింది.

"అన్నయ్యా, నువ్వు నిజంగా ఫోటో చూశావా?"

"చూడక! ఏం?"

"ఒక కోటు చేతికి కుట్టి చూశాను. కోటు మీద నీలంపెన్నుతో గీతలు గీసినట్టుంది. దూరం నుంచి చూసి మా ఆయన, ఎవరో చిన్నపిల్లలు పాడుచేశారనుకున్నాడు."

"ఛ, అలా ఎలా అవుతుంది?"

"నన్నడుగుతావేంటి? మాస్టారు రేపు పొద్దున్నే వస్తాడు. ముక్క పంపుదామంటే ఇటునుంచి అటొచ్చే బస్సు వెళ్ళిపోయింది. ఇక్కడ దొరికే దారం నల్లదీ తెల్లదీ, అంతే." అంతలోనే గొంతు తగ్గించి అంది: "మా పాత యజమాని నా కుర్చీ తుడిపించి పెట్టాడేమో అన్నయ్యా."

"కుర్చీ మాటెత్తకు. సాయంత్రం బస్సుకి సరైనది వస్తుంది" అన్నాను. అన్నాక తెలిసింది, చేతిలో లేని సరుకుకి మాటిచ్చానని.

మా ఆవిడ పక్కనుంచి అంది: "ఆ రంగుకి దగ్గరగా ఉన్నవన్నీ ఒక్కోటి పంపేయండి. ఏది కలిస్తే అది వాడుకుంటుంది."

"బస్సు చేరేసరికి అక్కడ చీకటి పడుతుంది. లైటు కింద ఆ షేడులన్నీ అక్కచెల్లెళ్ళలా ఒకేలా కనిపిస్తాయి. అప్పటికప్పుడు కుట్టు మొదలుపెట్టాలి. ఏదో ఒకటి పట్టుకుని కుడుతుంది, తెల్లారాక చూస్తే మళ్ళీ గీతలే. ఎంచడం ఇక్కడే, ఎండ ఉండగానే జరగాలి."

బామ్మర్దికి కబురు పెట్టాను. వచ్చాడు.

"ఏరా, దారిలో రంగులు ఒలకబోశావా?"

"బావా, డేటా అంటే పాలక్యాను కాదు, ఒలకడానికి. ఉన్నది ఉన్నట్టు వచ్చింది."

"వస్తే ఇదేంటి? ఏ ఫోటో చూసినా నీలంగా ఉంది. ఇదిగో, ఈ స్వెటరు చూడు."

మా ఆవిడ కౌంటరు దగ్గర కూర్చుని ఉన్న ఫోటో అది. ఆమె ఫోను లాక్కుని చూసింది.

"నీలమా? తెల్లగా ఉంది కదండీ. స్వెటరు తెల్లదే."

"అది వెన్నరంగు కాదూ?"

ఆవిడ లోపలికి వెళ్ళి ఆ స్వెటరే తెచ్చి, గుమ్మంలో ఎండలో ఫోను పక్కన పెట్టింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. పాల నురగంత తెలుపు.

"ఊరందరి కోట్ల రంగులూ కంఠస్థం" అంది. "కట్టుకున్నదాని స్వెటరు మాత్రం వెన్నరంగు."

బామ్మర్ది కౌంటరు మీద కూలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక చెప్పాడు.

"బావా, ఈ ఫోను నిజమే చెప్తోంది. అబద్ధం చెప్పింది పాతది. ఏళ్ళ తరబడి కిటికీ పక్కన ఎండలో పెట్టావు, తెర పసుపెక్కింది. కొంచెం కొంచెంగా ఎక్కింది కాబట్టి నీకు తెలీలేదు. ఫోటోలో పసుపు ఉంటుందని నీ కన్నే తీసివేత నేర్చుకుంది. ఇవాళ పసుపు లేకపోయినా తీసేశావు. తీసేస్తే ఏం మిగులుతుంది?"

"నీలం."

"అదీ."

నేను స్టూలు మీద కూర్చున్నాను. తూకంరాయి తేడాగా ఉన్నా, ఆ తేడా చేతికి అలవాటైపోతే సరుకు సరిగ్గానే వెళ్తుంది. రాయి మార్చిన రోజే చెయ్యి తప్పుతుంది. ఫోనులో ఉన్నదంతా ఇల్లు మారింది, తెరకెక్కిన పసుపు మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోయింది.

"ఇవాళ్టి నుంచి తీసెయ్యడం మానేస్తే సరి కదా?" అంది మా ఆవిడ.

ప్రయత్నించాను. మానేద్దామనుకుని చూస్తే ఒక రీలు బాగుంది, మళ్ళీ చూస్తే దాని పక్కది బాగుంది, మూడోసారి చూస్తే రెండూ దొంగల్లా కనిపించాయి. చెయ్యి అరల ముందు పెళ్ళిచూపులకొచ్చినవాడిలా తడబడింది. ఆలోచించి ఎంచడం నాకెప్పుడూ అలవాటు లేదు. బయట ఎండ వాలుతోంది.

"ఒరేయ్, ఈ తెరని కూడా పసుపు చెయ్యడానికేమైనా ఉందా?"

"ఉంది. రాత్రిళ్ళు చదువుకునేవాళ్ళు కళ్ళు నొప్పెట్టకుండా పెట్టుకుంటారు. ఇలా లాగితే పసుపెక్కుతుంది."

"అయితే ఈ ఫోనుకి కూడా ఆ అబద్ధం నేర్పు. పాతది ఎంత చెప్పేదో అంతే. వీసమెత్తు ఎక్కువొద్దు, తక్కువొద్దు."

"బాగున్న ఫోనుని పాడుచెయ్యమని వచ్చిన మొదటి గిరాకీ నువ్వే బావా" అంటూనే నా చెయ్యి పట్టుకుని వాడి కొట్టుకి పరిగెత్తించాడు.

ఉబ్బిన బ్యాటరీ తీసి అవతల ఒక డబ్బాలో పడేసి ఉంచాడు. వాడి బల్ల మీద కరెంటు పెట్టె ఉంది. దాని వైర్లు రెండూ పాత ఫోనుకి నేరుగా తగిలించాడు. తెర వెలిగింది. ఆ పెట్టెనీ ఫోన్లనీ గుమ్మం మెట్టు మీదకి లాక్కొచ్చాం, వెలుతురు అక్కడే ఉంది మరి. రెండు తెరల మీదా చెల్లెలి గుడ్డ ఫోటో పెట్టాడు. పక్కపక్కన చూస్తే నాకే నవ్వొచ్చింది. పాతది ఏళ్ళనాటి పత్రికలా పసుపుగా, కొత్తది అప్పుడే కడిగిన పళ్ళెంలా.

"లాగనా?"

"మెల్లగా."

వాడు వేలితో లాగుతున్నాడు. ఈలోగా పక్క కొట్టు మంగలి, ఎదురింటి టీచరమ్మ, సైకిలు మీద పోతున్న ఇంకొకాయన చుట్టూ చేరారు.

"ఇంకొంచెం లాగండి" అంది టీచరమ్మ.

"ఎక్కువైపోయింది, ఇది నెయ్యిరంగు" అన్నాడు మంగలి.

"నువ్వు జుట్టు రంగు చూసుకో అన్నయ్యా, అది నీ శాఖ" అన్నాడు బామ్మర్ది.

"అందరూ నోళ్ళు ముయ్యండి" అన్నాను.

గుడ్డకీ దారానికీ జత చూసే కన్ను అది. ఫోనుకీ ఫోనుకీ చూడలేదా? ఒక తెర చూశాను, మరో తెర చూశాను. కనుకొలుకుల్లోంచి ఒకసారి, కళ్ళు సగం మూసి ఇంకోసారి. వాడి వేలు వెంట్రుకవాసి కదిలింది. రెండు తెరల నడుమ ఉన్న తేడా కనిపించడం మానేసింది.

"ఆపు! కదిలావో చంపుతా."

వాడు వేలు గాల్లోకి ఎత్తి అలాగే నిలబడిపోయాడు. ఊపిరి కూడా తీసినట్టు లేడు.

కొత్త ఫోను అందుకుని నా కొట్టుకి పరిగెత్తాను. ఈ వయసులో పరిగెత్తడం నాకు లెక్కప్రకారం నష్టమే, అయినా పరిగెత్తాను. ఫోటో చూశాను. చెయ్యి అరలోకి వెళ్ళింది. పొద్దున తీసిన పెట్టెని దాటి, పైవరసకెక్కి, మూలనున్న పెట్టె మీద ఆగింది. తడబాటు లేదు, పెళ్ళిచూపులు లేవు. సాయంత్రం బస్సు కదులుతుండగా కిటికీలోంచి కండక్టరు ఒళ్ళో పడేశాను.

మరుసటి పొద్దున కొట్టు తీసి, తొలి గిరాకీకి నల్లదారం చూపిస్తుండగా ఫోను మోగింది.

"అన్నయ్యా, స్పీకర్లో పెట్టు. వదిన కూడా వినాలి."

"పెట్టాను. ముందు సంగతి చెప్పు."

"మాస్టారు కోటు కిటికీ దగ్గరకి తీసుకెళ్ళాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. గోరుతో గీకి కూడా చూశాడు అన్నయ్యా! నా ప్రాణం గొంతులో ఉంది. చివరికి ఏమన్నాడో తెలుసా? 'ఏమ్మా, దీన్ని కుట్టావా, అతికించావా?' అన్నాడు."

మా ఆవిడ చప్పట్లు కొట్టింది.

"వచ్చే నెల డ్రమ్ములకి ముసుగులు కూడా నేనే కుట్టాలంట. మా పాత యజమానికి కబురు పంపాను, ఆ కుర్చీలో ఇంకెవర్నైనా కూర్చోబెట్టుకోమని. వదినా, విన్నావా?"

"విన్నానే! మీ అన్నయ్యకి కళ్ళల్లో నీళ్ళు, రంగు మాత్రం చెప్పలేను!"

చెల్లెలు ఇంకేదో చెప్పబోయింది. వెనక నుంచి ఒక బాకా మోగింది. దాని వెనక ఇంకోటి. కోట్లు వేసుకున్న బ్యాండు వాళ్ళు ఆ ముందుగదిలోనే మొదలుపెట్టినట్టున్నారు. డ్రమ్ము దెబ్బకి ఫోను కౌంటరు మీద చిన్నగా గెంతింది.

"ఏమంటున్నావే?" అని అరిచాను.

"...వినపడ్డం లేదు అన్నయ్యా!" అని అటునుంచి అరిచింది, నవ్వుతూనే.

మా ఆవిడ సౌండు పూర్తిగా పెంచింది. నల్లదారం కోసం వచ్చినాయన దారం సంగతి మరిచిపోయి కౌంటరు మీద వేళ్ళతో దరువేస్తున్నాడు. నేనూ బేరం ఎత్తలేదు.