గంట మోగని హాస్టల్

కోస్టిన్ వాస్లూయ్ అనే ఊళ్లోని పిల్లల ఆశ్రమంలో పెరిగాడు. అక్కడ లేవడానికి గంట, తినడానికి గంట, పడుకోవడానికి గంట. కంచంలో ఏది పడితే అది తినడమే తప్ప, నీకేం కావాలని అతన్ని అడిగినవాళ్లు లేరు. యాష్ నగరంలో యూనివర్సిటీ సీటు వచ్చినప్పుడు ఆశ్రమమంతా చప్పట్లు కొట్టి సాగనంపింది.

హాస్టల్లో గంట లేదు. మొదట్లో కోస్టిన్ తన గదిలోనే ఉండే తోటి విద్యార్థి తిబేరియు లేస్తే లేచేవాడు, తింటే తినేవాడు. శుక్రవారం సాయంత్రం తిబేరియు ఊరికి వెళ్లిపోతే కోస్టిన్‌కి కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఓసారి ధైర్యం చేసి దుకాణానికి వెళ్లాడు. అరల నిండా రకరకాల రొట్టెలు. ఏది తీసుకోవాలో తోచక, చెమటలు పట్టి, గుండె దడదడలాడి, బుట్ట అక్కడే వదిలేసి వచ్చేశాడు. ఆ తర్వాత నిద్ర పట్టడం మానేసింది. క్లాసులకు వెళ్లడమూ మానేశాడు.

ఒక ఆదివారం తిబేరియు తిరిగొచ్చేసరికి కోస్టిన్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఒరేయ్, నేను వెళ్లాక ఏమైనా తిన్నావా?"

"ఎవరూ పిలవలేదు."

"పిలవడానికి పెళ్లికొచ్చావా ఏంటి?" అని నవ్వబోయిన తిబేరియుకి, కోస్టిన్ మొహం చూశాక నవ్వు రాలేదు. వాళ్లమ్మ క్యాబేజీ ఆకుల్లో అన్నం, మాంసం చుట్టి ఉడికించి ఇచ్చిన పొట్లాలు దగ్గర కూర్చుని తినిపించాడు. మర్నాడు పొద్దున్నే చెయ్యి పట్టుకుని విద్యార్థుల సహాయ కేంద్రానికి లాక్కెళ్లాడు.

అక్కడ రుక్సాండ్రా అని ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉంది. వండుకోవడం, చదువుకోవడం, నలుగురిలోకి వెళ్లడం లాంటి రోజువారీ పనుల ద్వారానే మనసును కుదుటపరిచే మనిషి. అమ్మానాన్నల గురించి అడుగుతుందేమోనని కోస్టిన్ బిగుసుకుపోయాడు. ఆవిడ టీ కాచింది.

"చక్కెర ఎంత వెయ్యను?"

"ఏమోనండీ. ఆశ్రమంలో వాళ్లే వేసి ఇచ్చేవాళ్లు."

"అయితే వెయ్యకుండా తాగి చూడు."

తాగాడు. "ఇదే బాగుందండీ!" అన్నాడు. తీపి టీ తనకు నచ్చదని పంతొమ్మిదేళ్లకు తెలిసినందుకు తనకే నవ్వొచ్చింది.

ఆ వారమే ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. "బుట్ట నీదే నాయనా, నేను ముట్టుకోను. దడ వస్తే బయట కాసేపు నిలబడి మళ్లీ వద్దాం" అందావిడ. అలా బయటికి వచ్చీ వెళ్లీ, చివరికి ఒక రొట్టె, నాలుగు ఉల్లిపాయలు కొన్నాడు. లెక్చర్ హాల్లో తలుపు పక్క సీటు చూపించింది. భయమేస్తే లేచి వెళ్లొచ్చన్న ధీమాతో క్లాసు చివరిదాకా కూర్చోగలిగాడు.

ఇక తిండికీ, నిద్రకీ, చదువుకీ ఫోన్‌లో అలారాలు పెట్టించింది. కోస్టిన్ పొల్లుపోకుండా పాటించాడు. ఒకనాడు మాటల మధ్యలో అలారం మోగింది. ఆకలి లేకపోయినా అతను సంచిలోంచి రొట్టె తీసి గబగబా నమలసాగాడు. రుక్సాండ్రా తల పట్టుకుంది.

"అయ్యో నా తెలివి! ఆశ్రమం గంటనే తీసుకొచ్చి నీ జేబులో పెట్టాను కదా! తప్పు నాది. పొద్దుటిది ఒక్కటీ ఉంచి మిగతావి తీసేద్దాం."

తన వల్ల పొరపాటు జరిగిందని పెద్దవాళ్లు ఒప్పుకోవడం కోస్టిన్ అంతకుముందు ఎరగడు. ఆ మాటతో ఆవిడ మీద గురి కుదిరింది. అలారాలు తీసేసిన తర్వాతి వారం తిండి తప్పింది, నిద్ర చెడింది. అయినా ఈసారి దాచుకోకుండా వెళ్లి చెప్పాడు. మెల్లగా ఆకలి ఎప్పుడవుతోందో తెలియసాగింది.

ఏడాది చివర ఒక్క సబ్జెక్టు మిగిలిపోయింది, మిగతావన్నీ గట్టెక్కాయి. ఆ కబురు చెప్పడానికి వెళ్లి, ట్రాములో కూడగట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, రుక్సాండ్రా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు లేకపోతే నేను చదువు మానేసి వెళ్లిపోయేవాణ్ణండీ. వెళ్దామంటే నాకు ఇల్లు కూడా లేదు."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఇక్కడికి నిన్ను తీసుకొచ్చినవాడికి చెప్పావా ఈ మాట?"

ఆ సాయంత్రం కోస్టిన్ చోర్బా అనే బీన్స్ పులుసు కాచి తిబేరియుకి పెట్టాడు. "ఆ రోజు నువ్వు నన్ను లాక్కెళ్లకపోతే..." అని మొదలుపెట్టాడు.

తిబేరియు తల పైకెత్తలేదు. "చాల్లే ఊరుకోరా. ఉప్పు ఎక్కువేశావు," అని గిన్నె ముందుకు జరిపాడు, "ఇంకొంచెం పొయ్యి."