అమ్మకి చెప్పిన అబద్ధం

యరెట్సికి ఇంగ్లీషు వచ్చు. బళ్ళో టీచరుగా నేర్పింది నేనే. కానీ తండ్రి నబోర్ పోయినప్పటి నుంచి ఆ పిల్ల నోట ఒక్క ఇంగ్లీషు ముక్క రాలేదు. స్పానిష్‌లో మాత్రం వాగుడుకాయే. ఫిబ్రవరిలో మాట్లాడే పరీక్ష. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ అడిగినదానికి ఇంగ్లీషులో బదులివ్వాలి. ఆ పరీక్ష తప్పితే హైస్కూల్లోనూ ఇంగ్లీషు రానివాళ్ళ గదే, ప్రాణంలాంటి సైన్సు క్లాసు ఉండదు. బడి పైఅధికారులు దానికి పొగరన్నారు. నాకు ఒళ్ళు మండింది.

వలస కూలీలుండే మా బాదం తోటల ఊళ్ళో పిల్లలే పెద్దవాళ్ళకి నోరు. బ్యాంకులో, ఆసుపత్రిలో ఇంగ్లీషు మాటలు విప్పి చెప్పేది వాళ్ళే.

నవంబరులో పోయినవాళ్ళ పండుగనాడు మా తరగతిలో వాళ్ళ కోసం బంతిపూలతో, కొవ్వొత్తులతో బల్ల అలంకరిస్తాం. ఆ రోజు పోయినవాళ్ళు వచ్చి వింటారని నమ్మకం, అందుకే మనసులోది పైకే చెబుతాం. యరెట్సి నాన్న టోపీ పెట్టి, పక్కన కాఫీ పోసింది. అందరూ వెళ్ళిపోయినా కదల్లేదు. నేను పూలు సర్దుతూ ఉండిపోయాను.

"నాన్నా, ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు ఇంగ్లీషులో 'తెల్లారేదాకా ఉండడు, దగ్గరుండండి' అన్నాడు. నేను అమ్మతో 'నిద్రపోతున్నాడట, ఇంటికెళ్దాం' అన్నాను. నువ్వు ఒక్కడివే పోయావు. ఇప్పుడు ఇంగ్లీషులో నోరు తెరవబోతే ఆ డాక్టరు గొంతే వినిపిస్తోంది. నా నోట్లోంచి ఆయనే మాట్లాడతాడేమోనని భయం నాన్నా."

గాలి లేకుండానే ఒక కొవ్వొత్తి ఆరింది.

తలుపు దగ్గర ఎవరో కదిలారు. చూస్తే యరెట్సి తల్లి ఎడెల్మిరా, బల్ల మీద పెట్టడానికి తెచ్చిన తీపి రొట్టెతో.

"పిచ్చిదానా, ఆ డాక్టరు మొహం చూస్తే నాకు తెలియలేదూ? దానికి ఇంగ్లీషు కావాలా? ఆ మాట నీ నోటితో చెప్పించబుద్ధి కాలేదే నాకు. నిన్ను పిన్ని ఇంట్లో పడుకోబెట్టి మళ్ళీ వెళ్ళాను. నా చెయ్యి పట్టుకునే పోయాడు మీ నాన్న."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీ అబద్ధం నాకు తెలుసని తెలిస్తే కుమిలిపోతావనుకున్నానే తల్లీ."

పిల్ల తల్లి కొంగులాంటి శాలువాలో మొహం దాచుకుని ఏడ్చింది. నేను కొవ్వొత్తి మళ్ళీ వెలిగించాను.

ఫిబ్రవరిలో కంప్యూటర్ ఒక బొమ్మ చూపించింది, సముద్రం ఒడ్డున గాలిపటం ఎగరేస్తున్న కుటుంబం. ఏం జరుగుతోందో చెప్పమంది. యరెట్సి చెవుల మీదివి రెండుసార్లు సర్దుకుంది. గోడ పక్కన నిలబడి నేను చూస్తున్నాను.

చివరికి ఇంగ్లీషులో, తన గొంతుతోనే అంది: "మా నాన్న చనిపోయాడు. మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఉంది."

ఆ తర్వాతే గాలిపటం రంగు చెప్పింది.