గిన్నెలు తోమే ఊట

"తయా, ఆ బురద ఏ ఊట దగ్గర తీశావో కాస్త చూపించు," అన్నాడు గ్లెబ్, చేప సూపు అడుగుని రొట్టె ముక్కతో తుడుచుకుంటూ. ఉప్పు అందుకోమన్నంత తేలిగ్గా అన్నాడు.

తయా అంటే తైసియా, అతని పెళ్ళాం; ఇద్దరూ సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసేవాళ్ళే. రష్యా తూర్పు కొసన కమ్చత్కాలోని ఈ వేడినీటి లోయకి ఆమె రావడం ఇది ఎనిమిదో వేసవి. చదువులోనూ ఉద్యోగంలోనూ మొగుడికి ఏమాత్రం తీసిపోదు. అయినా మొదటి ఏడాది హెలికాప్టర్ దిగిన రోజే గరిటె ఆమె చేతికొచ్చింది. వంటకి వంతులేసుకుందామని బృందంలో అందరూ అనుకున్నమాట నిజమే. గ్లెబ్ తన వంతు రోజున గంజి మాడ్చేసి, "మా తయా చెయ్యి పడితే ఆ రుచే వేరు," అన్నాడు. ఆ మెచ్చుకోలు ఆమెని ఎనిమిదేళ్ళు పొయ్యి దగ్గరే కూర్చోబెట్టింది.

లోయలోని ఊటలన్నిటికీ మగవాళ్ళు నంబర్లు వేసి పటం గీసుకున్నారు. అందులో లేనిది ఒక్కటే. వాగుకి అవతల, పొదల చాటున, జిడ్డు గిన్నెలు తోముకోవడానికి ఆమె వెతుక్కున్నది. దాని అంచున నల్లటి బురద. ఐదేళ్ళ కిందట ఆ బురదే కాస్త సీసాకెత్తుకుని ఊరికి తీసుకెళ్ళింది.

అందులోని సూక్ష్మజీవులకి ఏం పెట్టి పెంచాలన్న ఆలోచన మాత్రం అత్తగారింట్లో పుట్టింది. చలికాలంలో పొయ్యిలో బొగ్గులింకా ఎర్రగా ఉండగానే, వేడి పోతుందని ఆవిడ పొగగొట్టం మూత మూసేసేది. గది వెచ్చబడేది, దాంతోపాటే కార్బన్ మోనాక్సైడ్ నిండేది. రంగూ వాసనా లేని విషం. ఆ దేశంలో ఏటా ఎన్నో కుటుంబాలు నిద్రలోనే పోతాయి దానివల్ల.

"తల పగిలిపోతోంది అత్తయ్యా, మూత తియ్యనా?"

"మేమిన్నాళ్ళూ చచ్చామా ఏంటి? పనంటే చాలు, నీకు తలనొప్పి."

"అమ్మతో పెట్టుకోకు," అనేవాడు గ్లెబ్ పుస్తకంలోంచి తలెత్తకుండా. ఒకసారి గుమ్మం బయట మంచులో కూర్చుని వాంతి చేసుకుంటూ అనుకుంది, ఈ విషాన్ని తిని బతికేది ఏదైనా ఉండి ఉంటుందా అని. అగ్నిపర్వతం వదిలే ఆవిరిలో కూడా అది ఉంటుంది కదా. మర్నాడు ల్యాబ్‌లో ఆ బురద సీసాలోంచి గాలి తీసేసి, ఆ వాయువు నింపి, డెబ్బై డిగ్రీల వేడిలో పెట్టింది. "ఏం, సూపు ఉడికిందా?" అని నవ్వాడు గ్లెబ్. మూడోనాటికి సీసాలో నీళ్ళు మసకబారాయి. లోపల ప్రాణం పెరుగుతోంది. ఆ రోజు ఆమెకి కలిగిన సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు.

అప్పట్నుంచి పది రోజులకోసారి దాన్ని కొత్త సీసాలోకి మార్చి బతికించింది. పోయిన చలికాలం అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. "ఇంట్లో ఆడది ఉండగా నేను సెలవు పెట్టడమేంటి?" అన్నాడు గ్లెబ్. తైసియా రెండు నెలలు మంచం పక్కనే ఉండిపోయింది. మార్చాల్సిన తేదీలన్నీ కాగితం మీద రాసి ల్యాబ్ తలుపుకి అంటించి మరీ వెళ్ళింది. తిరిగొచ్చేసరికి సీసాల్లోవన్నీ చచ్చి ఉన్నాయి.

"ఎవరో ఒకరు చేస్తారనుకున్నా," అన్నాడు. ఆ ఎవరో ఒకరు ఇరవై ఏళ్ళుగా తనేనని ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఈలోగా ఆ సూక్ష్మజీవి గురించి వ్యాసం మాత్రం సిద్ధమైంది. పైన గ్లెబ్ పేరు. అట్టడుగున, "సహకరించిన తైసియాకు కృతజ్ఞతలు." సైన్సు పత్రికవాళ్ళు బతికున్న సూక్ష్మజీవినీ ఊట చిరునామానీ అడిగారు. ఈ ప్రయాణం అందుకే.

గ్లెబ్ పటం పరిచాడు. "నాలుగా, ఏడా?"

"దానికి నంబరు లేదు. గిన్నెలు తోమే చోటది."

"అదెక్కడ?"

"ఎనిమిది వేసవులు, రోజుకి మూడుసార్లు మీ ఎంగిలి గిన్నెలు మోసుకెళ్ళాను. ఎక్కడికెళ్తున్నావని ఒక్కరోజైనా అడిగావా?"

"ఇప్పుడీ దెప్పిపొడుపులెందుకు? గిన్నెలు తర్వాత తోముకుందువుగాని, ముందు పద."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. అందులో తెల్లారుజామున ఆ ఊట బురద నింపిన సీసా ఉంది. దాని మీద తన పేరు, పక్కనే పుట్టింటి ఇంటిపేరు రాసుకుంది. మధ్యాహ్నం హెలికాప్టర్‌లో తనొక్కదానికి చోటు కావాలని పైలట్‌తో నిన్ననే మాట్లాడుకుంది.

"నాక్కావలసింది నేను తీసుకున్నాను," అంది.

జిడ్డోడుతున్న సూపు గిన్నె ఎత్తి అతని పటం మీద పెట్టింది.

"ఇది పట్టుకుని వెతుక్కో గ్లెబ్. జిడ్డు ఎక్కడ వదిలితే అదే ఊట."