తలుపు కింద సందు

"అత్తయ్య గది తలుపు కింది పట్టీ మళ్ళీ ఎవరు పీకారు?" అంటూ కోడలు ఇల్లు నెత్తికెత్తుకుంది.

"నావైపు చూస్తావేం? పీకి కూర వండుకున్నానా?" అన్నాడు కొడుకు.

"మరి దానికదే ఊడిందా? జిగురు పెట్టి అంటించాను!"

"నీ జిగురూ నీలాగే. పొద్దునొకలా, సాయంత్రమొకలా."

వెనకగదిలో మంచం మీద కూర్చున్న అత్తగారు చేతికర్రను మంచం కిందికి నెట్టింది. పీకింది ఆవిడే.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి బాగోగులు చూడటం కోడలి ఉద్యోగం. ఈమధ్య వాళ్ళకు కరెంటు ఆదా మీద శిక్షణ మొదలైంది. కిటికీల దగ్గర, తలుపుల దగ్గర పలచటి కాగితం పట్టుకుని చూడాలి. ఎక్కడ రెపరెపలాడితే అక్కడ చలిగాలి దూరుతున్నట్టు. ఆ సందులు మూస్తే హీటరు కాసేపు వేసినా చాలు. అత్తగారి దగ్గు వినలేక, నేర్చుకున్నదంతా ముందు ఆవిడ గదిలోనే చేసి చూసింది.

గది వెచ్చబడింది. దగ్గూ తగ్గింది. కానీ ఇన్నాళ్ళూ తలుపు కింది సందులోంచి వచ్చింది చలి ఒక్కటే కాదు. గిన్నెల చప్పుడు, కొడుకు కూనిరాగం, మనవరాలి చెప్పుల టపటప. మోకాళ్ళు మొరాయించాక ఆవిడకు మిగిలిన ఇల్లు అదే. పట్టీ అంటించాక, అందరూ ఇంట్లో ఉండగానే ఎటో వెళ్ళిపోయినట్టయింది. చెబితే కోడలు చిన్నబుచ్చుకుంటుంది. అందుకే ఎవరూ చూడనప్పుడు చేతికర్రతో పట్టీని పొడిచి పొడిచి ఊడదీసేది.

ఆ సాయంత్రం కోడలు వచ్చి మంచం పక్కన కూర్చుంది. "అత్తయ్యా, రేపు మాకు శిక్షణలో పరీక్ష. ఇప్పుడు మీతో ఒకసారి సాధన చేస్తాను. మీరు ఎవరో పెద్దావిడ, నేను మీ ఇంటికి కొత్తగా వచ్చానన్నమాట. సరేనా?"

"నటించడం నాకెక్కడ వచ్చే తల్లీ!"

"పని తప్పించుకోడానికి తలనొప్పి నటించేవారటగా! మీ అబ్బాయే చెప్పారు."

అత్తగారు నవ్వి గొంతు సవరించుకుంది.

"పగలంతా ఎక్కడ కూర్చుంటారమ్మా?"

"ఈ గదిలోనే."

"ఈ సందు మూస్తే మీకేమన్నా ఇబ్బందా?"

అత్తగారు దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. ఎవరో పెద్దావిడగా మాట్లాడటం తేలికగానే ఉంది.

"వెచ్చగానే ఉంటుందమ్మా. మా మనవరాలు ఇంటికొచ్చిందో లేదో మాత్రం తెలీదు."

కోడలు తలుపు వైపు చూసింది. పరాయి ఇళ్ళలో పనిముట్ల సంచీ తెరవకముందే అడిగే మాట, సొంతింట్లో అడగకుండానే జిగురు పూసేసింది. కింద పడున్న పట్టీని తీసి, కాసేపు చేతిలో నలిపి, వెళ్ళిపోయింది.

రోజూ గదికొచ్చే కంచం ఆ పూట రాలేదు. కొడుకు వచ్చి భుజం పట్టి బల్ల దగ్గరికి నడిపించాడు.

అందరికీ వడ్డించాక కోడలు చెప్పింది: "రేపట్నించి అత్తయ్య మంచం హాల్లో. వెనకగది మూసేద్దాం. అందరం హాల్లోనే ఉంటే హీటరు ఒక్కటి చాలు."

"మరి నానమ్మ గురక పెడితే?" అంది మనవరాలు.

"పెడితే అందరం వింటాం."