మామగారి చొక్కాలో డబ్బా

సోఫాలు కుట్టే అతన్ని వీధంతా స్ప్రింగు అనే పిలిచేది. తయారైన ప్రతి సోఫా మీదా ముందు తనే కూర్చుని, పిల్లాడిలా ఎగిరెగిరి చూసి, ఆ తర్వాతే "తీసుకెళ్లొచ్చు" అనేవాడు. నోట్లో మేకులు పెట్టుకుని కూడా జోకులు వేయగల మనిషి. పెళ్లయి ఎక్కువ కాలం కాలేదు. భార్య కళ్లద్దాల షాపులో పనిచేసేది. ఆమెను ఇంట్లో చిట్టి అంటారు.

ఒకరోజు స్నానం చేస్తుంటే వృషణంలో ఒక పక్క గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. రోజంతా నేల మీద కూర్చుని పనిచేస్తే ఇలాంటివి వస్తాయిలే అని తనకు తనే వైద్యం చెప్పుకుని ఊరుకున్నాడు. కానీ చిట్టి దగ్గర ఏ విషయమూ ఎక్కువ రోజులు దాగదు. కూపీ లాగి, విని, "బయల్దేరు" అంది.

"దుకాణంలో పని ఉంది."

"సోఫాలు ఎక్కడికీ పారిపోవు. చెప్పులేసుకో."

పరీక్షలు అయ్యాయి. క్యాన్సర్ అన్నారు. సర్జన్ మాత్రం పెద్ద హడావిడి చేయలేదు. "ఈ రకానికి మంచి మందులున్నాయి. ఎక్కువమంది పూర్తిగా బాగుపడతారు. ఆ పక్క వృషణం తీసేస్తాం, తర్వాత కొన్నాళ్లు కీమో. రెండోది ఉంటుంది, దాని పని అది చేసుకుపోతుంది," అన్నాడు. ఆపరేషన్ అయిపోయింది. కుట్లు పూర్తిగా మానకుండానే కీమోకి రోజు పెట్టారు. అప్పుడు క్యాన్సర్ డాక్టరమ్మ కాగితాల మీద నుంచి తలెత్తి అడిగింది.

"పిల్లలు కావాలనుకుంటున్నారా?"

మొగుడూ పెళ్లాలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"కీమో వల్ల వీర్యకణాలు తగ్గిపోవచ్చు. చాలామందికి మళ్లీ వస్తాయి, కొందరికి రావు. ఎవరికి వస్తాయో ముందే చెప్పలేను. అందుకని మందు మొదలుపెట్టకముందే కొంత దాచిపెట్టుకోవడం మంచిది. ల్యాబ్ ఇక్కడే కింద అంతస్తులో ఉంది. గడ్డకట్టించి ఎన్నేళ్లయినా ఉంచుతారు."

స్ప్రింగు అదే రోజు కింద అంతస్తుకి వెళ్లాడు. చిన్న గది, తెల్లటి గోడలు, ఒక రెక్సిన్ కుర్చీ, చేతిలో శాంపిల్ కోసం ల్యాబ్‌వాళ్లిచ్చిన మూత డబ్బా. కుర్చీ కుట్టు ఒక పక్క ఊడి ఉంది. అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఎవరో తలుపు కొట్టి "ఇంకా ఎంతసేపండీ?" అన్నారు. బయట బకెట్టు దొర్లిన చప్పుడైంది. ఎవరో ఫోనులో కూరగాయల గురించి పోట్లాడుతున్నారు. చాలాసేపటి తర్వాత స్ప్రింగు ఖాళీ డబ్బాతో బయటికొచ్చాడు.

"ఏమైంది?" అంది చిట్టి.

"కుర్చీ బాగు చేయాలి," అన్నాడు నీరసంగా.

ల్యాబ్‌లో అమ్మాయికి ఇలాంటివి అలవాటే. నవ్వకుండా చెప్పింది: "పర్లేదండీ, ఇంటి దగ్గరే తీసుకోండి. కానీ గంటలోపు ఇక్కడికి చేరాలి. చల్లారకూడదు, ఎండలో పెట్టకూడదు. ఒంటికి ఆనించుకుని, బట్టల లోపల పెట్టుకుని తీసుకురండి. రేపు మధ్యాహ్నం దాకానే తీసుకుంటాం."

ఎల్లుండే కీమో. అంటే రేపటితో గడువు అయిపోతుంది.

మర్నాడు చిట్టి పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లింది. అడ్మిషన్ పని చూసుకుని తొందరగా తిరిగొచ్చి డబ్బా తీసుకెళ్లాలని అనుకుంది. స్ప్రింగుకు తోడుగా ఇంట్లో ఆమె తండ్రిని కూర్చోబెట్టింది. ఆయన సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. మాట తక్కువ, మర్యాద ఎక్కువ. పెళ్లయిన దగ్గర్నుంచీ అల్లుణ్ని "మీరు" అనడమే తప్ప "నువ్వు" అని ఎరగరు. ఇద్దరూ ఒక గదిలో ఉంటే వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. అది అయిపోతే గడియారం చూస్తారు.

ఆ పొద్దున వాతావరణం తొందరగా అయిపోయింది. స్ప్రింగు లోపల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. తన ఇల్లు, తన మంచం కావడంతో ఈసారి పని అయింది. సంతోషంగా ఫోను చేస్తే చిట్టి ఏడుపు గొంతుతో అంది: "ఇక్కడ ఇంకా నా ముందు చాలామంది ఉన్నారు. వదిలేసి వస్తే రేపు మంచం దొరకదట. నేను రాలేను."

స్ప్రింగు లేచి నాలుగడుగులు వేశాడు. కుట్ల దగ్గర కలుక్కుమంది. గోడ పట్టుకుని నిలబడిపోయాడు. వేరే దారి లేదు. తలుపు తీశాడు.

"మామయ్యా..."

"చెప్పండి బాబూ."

"ఒక... ఒక శాంపిల్ ఉంది. ల్యాబ్‌కి చేరాలి. గంటలోపు."

"రక్తమా?"

"కాదండీ."

మామగారు డబ్బా వైపు చూశారు. అల్లుడి వైపు చూశారు. కిటికీలోంచి బయటికి చూశారు. ఆయన చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. అప్పుడు స్ప్రింగు నేల చూపులు చూస్తూ మిగతాది కూడా చెప్పేశాడు, చల్లారకూడదు, ఒంటికి ఆనించుకోవాలి అని.

మామగారు లేచారు. చొక్కా గుండీలు విప్పి, డబ్బాని బనీను లోపల ఎడమ చంకలో ఇరికించి, మళ్లీ మెడ దాకా గుండీలు పెట్టుకుని, ఎడమ చేతిని గుండెకు అదిమి పట్టుకుని బయల్దేరారు.

బస్సు వెంటనే వచ్చింది. అందులో ఉన్నది పొట్టి కండక్టరు, ఏళ్ల తరబడి ఆయనతో ఒకే బస్సులో తిరిగిన స్నేహితుడు. నడుపుతున్న కుర్రాడు కూడా ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. మామూలు రోజయితే ముచ్చట్లు మొదలయ్యేవి. ఈరోజు ఎక్కిన మనిషి చెమటలు కక్కుతున్నాడు. ఎడమ చెయ్యి గుండె మీద బిగుసుకుని ఉంది.

"గురూ, ఏమైంది?" అన్నాడు కండక్టరు.

"ఏం లేదు."

"నొప్పా?"

"లేదు."

"చెయ్యేంటి అలా పెట్టావ్? ఒకసారి కిందకి దించు."

"దించకూడదు."

"ఎక్కడికెళ్తున్నావ్?"

"ఆసుపత్రికి. గంటలోపు చేరాలి. ఆలస్యమైతే లాభం లేదు."

కండక్టరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఈల నోట్లో పెట్టుకుని బస్సు దద్దరిల్లేలా ఊదాడు. "ఒరేయ్, ఎక్కడా ఆపకు! సారుకి గుండెపోటు! తిన్నగా ఆసుపత్రికి పోనీ!"

"గుండెపోటు కాదు," అన్నారు మామగారు.

"అందరూ అలాగే అంటారు," అని ఎవరో పెద్దావిడ ఆయన్ని భుజాలు పట్టి సీట్లో కూర్చోబెట్టేసింది. ఒకాయన పేపరుతో విసరడం మొదలుపెట్టాడు. ఇంకొకతను "గాలి ఆడాలండీ, ముందు చొక్కా విప్పండి" అంటూ గుండీల మీద చెయ్యి వేశాడు.

"చొక్కా ముట్టుకుంటే ఊరుకోను!" అని అరిచారు మామగారు. అన్నేళ్ల సర్వీసులో ఏ ప్రయాణికుడి మీదా గొంతు పెంచని మనిషి. ఆ అరుపుకి ఆ చెయ్యి ఠక్కున వెనక్కి పోయింది. "పాపం, నొప్పి బుర్రకెక్కినట్టుంది," అని గొణిగింది పెద్దావిడ.

బస్సు ఏ స్టాపులోనూ ఆగలేదు. దిగాల్సినవాళ్లు కూడా నోరు మెదపలేదు. ఆసుపత్రి వాకిట్లో బస్సు ఆగీ ఆగకముందే కండక్టరు దూకి, చక్రాల కుర్చీ లాక్కొచ్చి ఆయన్ని అందులో కూర్చోబెట్టాడు.

"ఎమర్జెన్సీ ఎటు?" అని అరిచాడు.

"ఎమర్జెన్సీ కాదు. ల్యాబ్. కింద అంతస్తు. నెట్టు," అన్నారు మామగారు.

ఏళ్ల తరబడి ఆయన మాట మీదే బస్సెక్కి దిగిన అలవాటు. కండక్టరు కిక్కురుమనకుండా నెట్టాడు. ల్యాబ్ కిటికీ దగ్గర మామగారు కుర్చీలోంచి లేచి, గుండీలు విప్పి, డబ్బా తీసి లోపలికి అందించారు. ల్యాబ్ అమ్మాయి ఆయన నెరిసిన మీసం వైపు చూసింది.

"మీదేనా అండీ?"

"నాదా! నాది కాదమ్మా! మా అల్లుడిది!"

వరండాలో కూర్చున్నవాళ్లందరూ తిరిగి చూశారు. కండక్టరు ఒక్క క్షణం అలా నిలబడిపోయాడు. విషయం మెల్లగా తలకెక్కింది. నవ్వు ఆపుకోవడానికి ఈల నోట్లో పెట్టుకున్నాడు. అది సన్నగా కూసింది.

"ఎవరికైనా చెప్పావంటే..." అన్నారు మామగారు.

"చెప్పను గురూ. మన బస్సు మీద ఒట్టు."

కండక్టరు వెనక్కి వెళ్లి, కిటికీల్లోంచి తొంగిచూస్తున్న ప్రయాణికులతో "గండం గడిచింది, సరైన టైముకి తెచ్చాం" అన్నాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు. పేపరుతో విసిరిన ఆయన కళ్లు కూడా తుడుచుకున్నాడట.

శాంపిల్ బాగుందన్నారు, కదలిక కూడా బాగుందన్నారు. మామగారు ఇంటికి వచ్చేసరికి స్ప్రింగు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్, నువ్వు చెప్పిన పని అయిపోయిందిరా. వెళ్లి పడుకో," అన్నారు ఆయన. అన్నాక, అలా అన్నందుకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాత "మీరు" మళ్లీ రాలేదు.

కీమో కష్టమే అయింది. జుట్టు పోయింది, నోటికి రుచి పోయింది, మెట్లెక్కితే ఆయాసం. కానీ మందు పనిచేసింది. చివరి స్కాను చూసి డాక్టరమ్మ చెయ్యి చాచి కరచాలనం చేసింది. "పిల్లల కోసం తొందరపడొద్దు. నేను చెప్పేదాకా జాగ్రత్తలు తీసుకోండి," అని గట్టిగా చెప్పింది. జుట్టు తిరిగొచ్చింది, కాస్త ఉంగరాలు కూడా తిరిగింది. చిట్టి దాన్ని చూసి మురిసిపోయేది. స్ప్రింగు మళ్లీ దుకాణం తీశాడు.

ఏడాది దాటాక పరీక్ష చేస్తే వీర్యకణాలు ఒక్కటీ లేవని వచ్చింది.

ఆ వారమంతా దుకాణంలో జోకులు లేవు. సోఫాలు తయారైతే ఊరికే చేత్తో తట్టి పంపించేస్తున్నాడు. ఆ సంగతి ఒక గిరాకీ చెబితే చిట్టి షాపు నుంచి తిన్నగా అక్కడికి వచ్చింది. బట్ట వేయని సోఫా చట్రం అంచున, స్ప్రింగుల పక్కన సర్దుకుని కూర్చుంది.

"నీకు పిల్లలంటే ఇష్టం," అన్నాడు అతను సుత్తి కింద పెట్టి.

"ఇష్టమే. నిన్ను చేసుకున్నాకే పుట్టింది ఆ ఇష్టం. అంతకుముందు పక్కింటి పిల్లలు ఏడిస్తే తలుపేసుకునేదాన్ని."

"నన్ను కాకుండా వేరేవాణ్ని చేసుకునుంటే..."

"వేరేవాడికి నోట్లో మేకులు పెట్టుకుని మాట్లాడటం వచ్చా?"

అతను నవ్వబోయి ఏడ్చాడు. ఆమె అతని చెయ్యి తీసుకుంది. అతని అరచేతిలోని కాయల మీద వేలితో రాస్తూ కూర్చుంది. కాసేపటికి, "నాన్న తెచ్చింది ల్యాబ్‌లో ఉందిగా. దాంతో చూద్దాం. అదీ కుదరకపోతే అప్పుడు కూర్చుని మళ్లీ ఆలోచిద్దాం. ఇప్పుడు మాత్రం ఆకలేస్తోంది," అంది.

తొందర లేకుండా ఇంకొన్ని నెలలు ఆగి, సంతాన వైద్యుడి దగ్గరకి వెళ్లారు. మనిషి పొడుగు, నవ్వు పొదుపు. దాచినదాన్ని వాడే ముందు అందరికీ చేసినట్టే ఇతనికీ ఇంకోసారి పరీక్ష రాశాడు. ఈసారి ఇంటి నుంచి డబ్బా స్ప్రింగే తెచ్చుకున్నాడు. రిపోర్టు చూసిన వైద్యుడు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఉన్నాయి," అన్నాడు.

"ఏవండీ?"

"వీర్యకణాలే. ఎక్కువ లేవు, కానీ ఉన్నాయి, చురుగ్గానే కదులుతున్నాయి. కొందరికి రెండేళ్లు, ఇంకా పైన కూడా పడుతుంది. దాచింది ఎక్కడికీ పోదు. మీ డాక్టరమ్మ కూడా సరే అంది కాబట్టి, కొన్నాళ్లు మామూలుగానే ప్రయత్నించండి."

"మామూలుగా అంటే?" అన్నాడు స్ప్రింగు, కంగారులో.

చిట్టి అతని కాలు తొక్కింది. వైద్యుడు ఆ ఒక్కసారి నవ్వాడు.

కొన్నాళ్లంటే కొన్నాళ్లే పట్టింది. ఒక పొద్దున చిట్టి స్నానాలగదిలోంచి బయటికొచ్చి, పరీక్ష పుల్లని మొగుడి మొహం ముందు పెట్టింది.

"రెండు గీతలు ఉన్నాయా లేక నా చూపు తేడానా? కళ్లద్దాల షాపులో పనిచేసి కూడా నాకు నమ్మకం కలగట్లేదు."

స్ప్రింగు ఆ పుల్లని వెలుతురులోకి తిప్పి, దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి చూశాడు. రెండే. ఆ రోజు దుకాణంలో ఉన్న సోఫాలన్నింటి మీదా వరసగా ఎగిరాడు, పాతవాటి మీద కూడా.

సంగతి మామగారికి ఇద్దరూ కలిసి చెప్పారు. ఆయన కూతురి తల నిమిరారు, కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఏదో లెక్క తేలనట్టు నుదురు ముడిచారు.

"అయితే నేను తెచ్చిందేనా?"

"కాదు నాన్నా. మామూలుగానే."

"మరి నాది?"

"మీది కాదు మామయ్యా, నాది," అన్నాడు స్ప్రింగు.

"మోసింది నేనేరా! బస్సు బస్సంతా నన్ను చావబోతున్నవాడిలా చూసింది. అదంతా వట్టిదేనా?"

"వట్టిది కాదు నాన్నా," అంది చిట్టి. "అది ఉందన్న ధైర్యంతోనే కదా ఇన్నాళ్లూ నిద్రపోయాం. పైగా ఇంకొకరు కావాలనుకుంటే అవసరం రావచ్చు."

మామగారు శాంతించారు. "ఉంచండి అయితే. తీయించొద్దు," అన్నారు, అదేదో తన సొంత ఆస్తి అయినట్టు.

బిడ్డ ఒక వానపొద్దున పుట్టింది. ఆడపిల్ల. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి స్ప్రింగు చేతుల్లో పెట్టింది. ఎంత బరువైన చట్రమైనా అవలీలగా ఎత్తే మనిషి, ఎలా పట్టుకోవాలో నర్సుని రెండుసార్లు అడిగాడు. పిల్ల కళ్లు మూసుకునే నోరు పెద్దగా తెరిచి ఏడుపందుకుంది.

"ముక్కు మా చిట్టిదే," అన్నారు మామగారు.

"ముక్కు నాది మామయ్యా, సరిగ్గా చూడండి."

"నీ ముక్కు ఇంత తీరుగా ఉంటుందిరా?"

మంచం మీద నుంచి చిట్టి కళ్లు తెరవకుండానే అంది: "ముక్కు పిల్లది. పిల్లని ఇటిచ్చి, ఇద్దరూ బయటికి నడవండి. నాకు నిద్రొస్తోంది."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. కిటికీ అవతల వాన జోరందుకుంది. మామగారు రెండు గ్లాసుల్లో టీ తెచ్చి ఒకటి అల్లుడికిచ్చారు. పక్కపక్కనే బెంచీ మీద కూర్చుని, లోపల ఏడుపు ఆగేదాకా వింటూ, టీ చల్లార్చుకున్నారు.