విభవగిరి శిథిలాల తెర

నేను ఒక నాటకాల తెరను. ఎత్తు ఇద్దరు మనుషులంత, వెడల్పు రంగస్థలమంత. నా మీద ఒక నగరం ఉంది, అయితే నిలబడి ఉన్న నగరం కాదు. విభవగిరి అనే రాజధాని శత్రువుల చేతిలో పడిపోయాక మిగిలిన గోడలవి. అటువంటి రాజధాని భూమ్మీద ఎక్కడా లేదు. నాటకం రాసినాయన కల్పించాడు, దాన్ని నాటకంలోనే పడగొట్టాడు.

ఇప్పుడు నేను ఒక మ్యూజియంలో పొడుగాటి గోడకు వేలాడుతున్నాను. నా పక్కన అద్దాల చట్రాల్లో పాతకాలపు తెల్లదొరలు గీసిన శిథిల నగరాల బొమ్మలున్నాయి. చాలా అందమైన బొమ్మలు. విరిగిన స్తంభాల మీద తీగలు పాకి ఉంటాయి, ఆకాశంలో వెన్నెల ఉంటుంది, ఒక మూల కర్ర పట్టుకుని గొర్రెల కాపరి నిలబడి ఉంటాడు. దేశం మారినా, నగరం మారినా ఆ కాపరి మాత్రం మారడు. ఆ బొమ్మల్లో ఊళ్లు వాటంతటవే నిదానంగా కూలిపోయినట్టు ఉంటాయి. ఎవరూ కొట్టినట్టు ఉండదు. చూసేవాళ్లు వాటి ముందు ఎక్కువసేపు నిలబడతారు. నా దగ్గరికి వచ్చేసరికి వాళ్ల మొహాలు కొంచెం ఇబ్బందిగా మారతాయి. ఎందుకో చెబుతాను.

నన్ను గీసింది కోటిలింగం. తెరలు రాయడం అతని వృత్తి. ముతక గాడా గుడ్డ పలకలను అంచులు కలిపి కుట్టించి, సుద్ద పూసి, ఎండబెట్టి, వజ్రం కాచి అందులో రంగులు కలిపేవాడు. వజ్రమంటే వడ్రంగులు చెక్క అతికించే జిగురు. నా ఆకాశంలో నీలిమందు ఉంది, గోడల్లో పేవిడి అనే పసుపుమట్టి ఉంది, నీడల్లో దీపపు మసి ఉంది.

నాటక సమాజం యజమాని దశరథరామయ్య. రాజు వేషం కూడా ఆయనదే. ఆయన కోటిలింగానికి ఒక అచ్చుబొమ్మ చూపించాడు. అదీ ఏ దొరో గీసిందే, అందులోనూ కాపరి ఉన్నాడు.

"ఇలాంటిది కావాలోయ్. ఆఖరి రంగంలో నేను బిచ్చగాడి వేషంలో నా రాజధానికి తిరిగొస్తా. వెనకాల ఇది దిగాలి. చూసినవాడి గుండె గుభేలుమనాలి."

కోటిలింగం ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎవరూ లేని ఊరండీ అయ్యగారూ. పడిపోయిన ఊరు కాదు."

"రెండూ ఒకటేగా?"

"ఏమోనండీ. ఒకసారి కళ్లతో చూసి గీస్తాను."

అలా అతను నిజమైన పాత రాజధాని ఒకటి చూసొద్దామని బయలుదేరాడు. అక్కడిదాకా పోనేలేదు. దారిలో నది దాటాలి. గుర్రాలరేవు అనే ఊరి దగ్గర పడవలన్నీ ఆగిపోయి ఉన్నాయి. దిగువన కడుతున్న ఆనకట్ట పూర్తి కావస్తోంది, ఆ ఊరు నీళ్లలో కలవబోతోంది. జనం సామాన్లు బళ్లకెత్తుకుని మెట్ట మీది కొత్త కాలనీకి పోతున్నారు. ఖాళీ అయిన ఇళ్లను, మళ్లీ ఎవరూ వెనక్కి రాకుండా, గవర్నమెంటు కూలీలు పలుగులతో కొడుతున్నారు. పైకప్పులు పోయి, గుమ్మాలు పోయి, గోడలు మాత్రం ఆకాశం కింద నిలబడి ఉన్నాయి. కోటిలింగం సంచీ కింద పెట్టి బొగ్గుముక్క తీశాడు. వెతకబోయింది ఎదురుగానే ఉందనుకున్నాడు. చదువుకున్నవాడైతే ఈ పొరపాటు చెయ్యడు. ఇది ఊరు, అది రాజధాని, ఇది ఇవాళ్టిది, అది పాతది అని ముందుగానే వేరు చేసి పెట్టుకుంటాడు.

అలా నా మీద విభవగిరి వెలిసింది. ఒక గోడకు వరసగా మూడు దీపగూళ్లు ఉన్నాయి. మధ్యది మిగతా రెండింటికంటే పెద్దది, దాని చుట్టూ ఎర్రటి జాజుతో గీసిన చారలున్నాయి. గోడ ముందు సగం విరిగిన పొయ్యి ఉంది. పొయ్యి పక్కన నేలలో పాతిన రోలు ఉంది.

దశరథరామయ్య నన్ను చూసి తల పట్టుకున్నాడు. "రాజధానిలో పొయ్యిలేందోయ్ కోటిలింగం?"

"రాజుగారు కూడా అన్నం తినే ఉంటారు కదండీ."

"రోలు?"

"పచ్చడి లేకుండా తింటారా అండీ?"

పట్నంలో మొదటి ప్రదర్శనకు వచ్చిన ఒక చరిత్ర లెక్చరరు గారు ఆఖరి రంగంలో పక్కవాళ్లకు వినబడేలా నవ్వారట. కోట ఏది, బురుజు ఏది, ఇవి రైతుల కొంపలు కదా అన్నారట. ఆ మర్నాడే నాకు రెండు విరిగిన స్తంభాలు, తొండం లేని రాతి ఏనుగు వచ్చి చేరాయి. కోటిలింగం వాటిని ఏ ఉత్సాహమూ లేకుండా గీశాడు. ఏనుగు కొంచెం పందిలా కుదిరింది. జనానికి మాత్రం అదే బాగా నచ్చింది. ఏనుగును చూస్తే అది రాజధాని అని వాళ్లకు నమ్మకం కుదిరేది.

ఆ తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను. పద్యనాటకం రాత్రంతా సాగి, ఆఖరి రంగానికి తూర్పు తెల్లబడుతుంది. పెట్రోమాక్సు దీపాల్లో దర్బారు తెర, ఉద్యానవనం తెర మెరిసిపోయేవి. నేను దిగేది ఎప్పుడూ తెల్లవారేటప్పుడే. ఆ వెలుతురులో ఏ లోపమూ దాగదు. నా ముందు నిలబడి దశరథరామయ్య పద్యం ఎత్తుకునేవాడు, జనం వన్స్‌మోర్ అనేవాళ్లు. రాజు రాజ్యం పోగొట్టుకున్న దుఃఖాన్ని మళ్లీ మొదటినుంచి పడేవాడు. మనుషులకు ఇతరుల దుఃఖం బాగా పాడితే ఎన్నిసార్లయినా వినబుద్ధవుతుంది.

ఒక ఏడాది శ్రీరామనవమి పందిట్లో ఆడమని కొత్త గుర్రాలరేవు నుంచి పిలుపొచ్చింది. కొత్త గుర్రాలరేవంటే ఆ మెట్ట మీది కాలనీయే. వరసగా ఒకేలాంటి ఇళ్లు, మధ్యలో ఒక చేతిపంపు. రేవు పేరులోనే మిగిలింది, నీళ్లు దూరంగా కింద ఉన్నాయి. మధ్యాహ్నం కోటిలింగం నన్ను పందిరి వెనక నేల మీద పరిచి, పెచ్చులూడిన చోట రంగు దిద్దుతున్నాడు. బిందెతో పోతున్న ఒకామె నా అంచు దగ్గర ఆగింది.

"అయ్యా, ఈ బొమ్మ యాడిది?"

"విభవగిరి అమ్మా. రాజుల ఊరు."

ఆమె బిందె దించి గొంతుక్కూర్చుంది. మధ్య గూటి మీద వేలు పెట్టబోయి, రంగు తడిగా ఉందని వెనక్కి తీసుకుంది.

"ఇది మా ఇల్లు. ఈ గూడు మా అత్త కట్టిచ్చింది. దీపం చిన్న గూట్లో ఇమడదని మేస్త్రీతో పోట్లాడి పెద్దది కట్టిచ్చింది. ఈ చారలు నేనేసినయ్యి."

కోటిలింగం కుంచె పక్కన పెట్టాడు. ఆమె పేరు గురవమ్మ. ఏడవలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

కూల్చేవాళ్లు వచ్చిన రోజుల్లో ఆమె పెనిమిటి అచ్చయ్య ఇక్కడ కాలనీలో ఇంటి పని చూసుకుంటున్నాడు. అతను తిరిగి పోయేసరికి ఊరు నీళ్ల కింద ఉంది. ఇల్లంటే అతనికి ప్రాణం. కొట్టేశారని చెబితే తట్టుకోలేడని, ఇల్లు చెక్కుచెదరకుండా అట్టాగే మునిగిందని గురవమ్మ చెప్పింది. ఊరివాళ్లంతా ఆ మాటకు తలూపారు. ఇరుగు పొరుగు వాళ్లు ఆయన ఎదుట పలుగుల మాట ఎత్తరు, తమ ఇళ్లు కూలిన సంగతి కూడా మాట్లాడుకోరు.

"చెప్పిందే తప్పయిపోయిందయ్యా. ఇల్లు నిలబడే ఉందిగా అని రోజూ నీళ్ల కాడికి పోతన్నాడు. మోకాళ్లదాకా దిగేవాడు, ఇప్పుడు రొమ్ముల్దాకా దిగుతున్నాడు. ఈత రాదు. చేపలోళ్లు రెండుసార్లు లాక్కొచ్చారు. తలుపేసే ఉందే గురవా, లోపల దీపం పెట్టొస్తా అంటాడు."

"మరి నన్నేం చెయ్యమంటావు తల్లీ?"

"ఇయ్యాల ఈ తెర దించబాకండి. ముందు కూర్చుంటాడు. నా అబద్ధం ఆయనకిట్టా తెలవకూడదు."

కోటిలింగం పోయి యజమానికి చెప్పాడు. దశరథరామయ్య మొహానికి రంగు వేసుకుంటున్నాడు.

"ఆఖరి రంగానికి తెర లేకుండా ఎట్టా? ఉద్యానవనం దించి, పూలమొక్కల ముందు నా రాజ్యం పోయిందని ఏడవనా?"

"పోనీ నల్లతెర ముందు ఏడవండి. ఒక మనిషి ప్రాణం సంగతండీ అయ్యగారూ."

ఆయన రంగు గిన్నె పక్కన పెట్టాడు. ఆయనలో రాజసం వేషంతో వచ్చిందే అయినా, జాలి సొంతం. "సరే, నల్లతెరే కానివ్వు" అన్నాడు. నన్ను చుట్టి మూలన పెట్టారు.

పొద్దు వాలుతుండగా కిందనుంచి కేకలు వినబడ్డాయి. నలుగురు చేపలవాళ్లు అచ్చయ్యను చేతుల మీద మోసుకొచ్చి చేతిపంపు దగ్గర పడుకోబెట్టారు. నీళ్లు కక్కించారు. అతను కళ్లు తెరిచి, "ఇంకో రెండడుగులైతే గుమ్మం తగిలేది, ఊరికే లాగారు" అని వాళ్లనే తిట్టాడు.

గురవమ్మ పందిరి వెనక కోటిలింగం దగ్గరికి వచ్చింది. అచ్చయ్యను పట్టుకుని తడిసిన చీర మార్చుకోను కూడా లేదు.

"దించండయ్యా. చూడనీండి."

"తల్లీ, నిన్నేమంటాడో."

"ఏమన్నా అననీ. అనడానికి మడిసి ఉండాలగా."

ఆ రాత్రి విభవగిరి దర్బారు వెలిగింది, యుద్ధం జరిగింది. అచ్చయ్య ముందు వరసలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. రాజుగారి మంత్రి మోసం చేస్తే అందరితోపాటు కోప్పడ్డాడు. తూర్పు తెల్లబడింది. కప్పీ మీద తాడు వదిలారు. నేను దిగాను.

వన్స్‌మోర్ లేదు. ఈల లేదు. నా మీద ఉన్న ప్రతి గోడకూ ఆ జనంలో యజమాని ఉన్నాడు. ఎవరి గోడ వాళ్లు చూసుకుంటున్నారు. ఏనుగును ఒక్కరూ చూడలేదు. దశరథరామయ్య పద్యం మొదటి పాదం అందుకుని, అచ్చయ్య లేచి నిలబడటం చూసి, రెండో పాదం దగ్గర ఆపేశాడు. హార్మోనియం కొంతసేపు ఒంటరిగా మోగి ఊరుకుంది.

అచ్చయ్య మెట్లెక్కి రంగస్థలం మీదికి వచ్చాడు. రాజును దాటుకుని నా దగ్గరికి వచ్చి మధ్య గూటిలో అరచెయ్యి పెట్టాడు. జిగురు రంగు కదా, చెమట చేతికి ఊడి వచ్చింది. ఆ చేతి మచ్చ ఇప్పటికీ నా మీద ఉంది. మ్యూజియం వాళ్లు తేమ వల్ల వచ్చిందనుకుంటారు.

"గురవా" అన్నాడు, వెనక్కి తిరగకుండా. "ఎవరు కొట్టారే?"

"గవర్నమెంటోళ్లు. నువ్వు లేనప్పుడు."

"కొడతంటే చూశావా?"

"చూశా."

"ఒక్కదానివేనా?"

గురవమ్మకు ఈ ప్రశ్న వస్తుందని తెలియదు. తిట్లకు సిద్ధపడి వచ్చింది. అవునని తల ఊపింది. అప్పుడు ఏడ్చింది.

అచ్చయ్య కిందికి దిగాడు. ఆమె పక్కన ఒక క్షణం నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, ఆమెను తీసుకుని చేతిపంపు దగ్గరికి నడిచాడు. బిందె నింపి, కట్టుబట్టలతోనే తల మీద కుమ్మరించుకున్నాడు. అయినవాళ్లు పోయారన్న కబురు చెవిన పడితే మన ఊళ్లలో చేసే స్నానం అది. తర్వాత గురవమ్మ పోసుకుంది. ఆమె వెనక ఒక ముసలాయన లేచాడు. ఆయన వెనక మరొకామె. ఎవరూ ఎవరినీ పిలవలేదు. పందిట్లోంచి ఒక్కొక్కరే పోయి వరసలో నిలబడ్డారు. అన్నాళ్లూ ఒకరి ముందొకరు దాచుకున్న చావుకు ఆ ఊరు ఆ పొద్దుటే మైల స్నానం చేసింది. చేతిపంపు కీచుమంటూ ఎండ పడేదాకా ఆడుతూనే ఉంది. దశరథరామయ్య కిరీటం లేని తలతో, బిచ్చగాడి వేషంలోనే పోయి వంతు ప్రకారం పంపు కొట్టాడు.

నేను చాలా రాజధానులు పడిపోవడం చూశాను. ఆ మాటకొస్తే ప్రతి ప్రదర్శనకూ ఒకటి. వాటికోసం స్నానం చేసినవాళ్లను చూడలేదు. నా పక్కనున్న అందమైన బొమ్మల్లోని నగరాలకు ఎవరైనా చేసి ఉంటారా అని ఒక్కోసారి ఆలోచిస్తాను. చేసే ఉంటారు. గీసినవాళ్లు అప్పటికి వచ్చి ఉండరు.

అందరిదీ అయ్యాక అచ్చయ్య నీళ్లోడుతున్న పంచెతో పందిరి ముందుకు వచ్చాడు. కోటిలింగం తాడు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఇంక చుట్టెయ్యండయ్యా" అన్నాడు అచ్చయ్య.

నన్ను చుట్టడం అడుగునుంచి మొదలవుతుంది. వెదురుబొంగు పైకి లేచింది. రోలు పోయింది, పొయ్యి పోయింది. గూళ్లున్న గోడ దగ్గర కోటిలింగం చేతులు ఒక్కసారి నెమ్మదించాయి, మళ్లీ లాగాడు. గోడలన్నీ పోయాక ఉత్త ఆకాశం మిగిలింది. దాన్ని కూడా చుట్టేదాకా జనం తడిబట్టలతో నిలబడే ఉన్నారు.