తీజ్ బుట్టలు వంగిన దిక్కు

శ్రావణంలో తీజ్ పండుగ వస్తే కురవికి ఆవల ఉన్న ఆ లంబాడీ తండాలో పెళ్లికాని ఆడపిల్లలకు పొద్దు నీళ్ల బిందెతో మొదలయ్యేది. దుస్సేరు తీగతో అల్లిన బుట్టల్లో పుట్టమన్ను, మేక ఎరువు కలిపి నింపి, నానిన గోధుమలు చల్లి, మంచె మీద పెట్టి, తొమ్మిది రోజులు పూటపూటా నీళ్లు పోసేవారు. మూడోనాటికి మొలకలు వచ్చేవి. ఐదోనాటికి ఒక దిక్కుకు వంగేవి. ఎండ ఎటు ఉన్నా వాటికి పట్టదు. నీళ్లు పోసే పిల్ల మనసు ఎవరిని వెతుకుతుందో, ఆ మనిషి ఉన్న దిక్కుకే వంగేవి. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. బుట్టలు చూసి తల్లులు కూతుళ్ల సంగతి తెలుసుకునేవారు, అంతే.

తెలంగాణ కోసం జనం రైలు పట్టాల మీద పొయ్యిలు పెట్టి వండుకున్న ఏడు, పదేళ్ల చంద్రికి అది మొదటి తీజ్.

"శోభ బుట్ట సూడుండ్రే, రఘునాథపల్లి దిక్కు పండుకున్నది," అన్నది ప్రియ.

"ఆడ మా అక్కున్నది," అన్నది శోభ.

"అక్క కోసమా, అక్క మరిది కోసమా?"

"ముందు నీ బుట్ట సంగతి సెప్పు. నాయక్ ఇంటి దిక్కే సూస్తున్నది. నాయక్ కొడుకు కోసమా, ఆయన ఎడ్ల కోసమా?"

తండా పెద్ద నాయక్ మాట రాగానే పిల్లలు పకపకా నవ్వారు. చంద్రి బుట్ట మీద చూపు పడగానే ఆ నవ్వు ఆగిపోయింది. దాని మొలకలు ఎటూ వంగకుండా, సూదులు గుచ్చినట్టు నిటారుగా నిలబడి ఉన్నాయి. వెతికే మనిషి భూమ్మీద లేకపోతే మొలకలకు దిక్కు ఉండదని తండాలో అందరికీ తెలుసు.

చంద్రి వెతుకుతున్నది అన్న హీరాలాల్‌ను. మానుకోటలో చదువుకుంటూ రైల్‌రోకోకు పోయాడు. ఆ రోజు స్టేషన్లో రాళ్లు పడ్డాయి, పోలీసుల కాగితంలో అతని పేరు పడింది. నెల దాటినా జాడ లేదు. రెండు రోజులకోసారి కానిస్టేబుల్ కొమురెల్లి మోటారు సైకిల్ మీద వచ్చి, "గంగమ్మా, కొడుకు వచ్చిండా?" అని అడిగేవాడు. చంద్రి 'యాడీ' అని పిలిచే తల్లి గంగి ఏడ్చేది. అతడు తల వంచుకుని పోయేవాడు. బుట్ట చూసిన నాటి నుంచి ఆమె ముద్ద ముట్టడం మానేసింది.

ఏడోనాడు చంద్రి బుట్టకు నిండుగా నీళ్లు పడదామని దాన్ని ఎత్తుకుని బోరింగు దగ్గరికి పోయింది. అక్కడ దించి చూస్తే మొలకలు తండా వైపు వంగి ఉన్నాయి. ఆశ్చర్యపడి, బుట్టతోనే పశువుల కొట్టం వెనక్కి నడిచింది. అక్కడా తండా వైపే. మూడో దిక్కుకు పోయింది. ఎక్కడ నిలబడినా అవి ఒక్కచోటికే వంగుతున్నాయి. మంచె దగ్గరికి వచ్చేసరికి మళ్లీ నిటారుగా లేచాయి. చంద్రి తలెత్తింది. పైన నీళ్ల ట్యాంకు ఉంది. ఎన్నడో కట్టి, ఒక్క బిందెడు నీళ్లు కూడా ఎక్కించకుండా వదిలేసిన ట్యాంకు.

"ఏం సూస్తున్నవే?" వెనక దాది గోరీ గొంతు. చంద్రికి ఆమె నాయినమ్మ.

"దాదీ, ట్యాంకుల నీళ్లు లేవు గద?"

"ఎన్నడున్నయే?"

"మరి పొద్దుగాల నీ చెంబు పైకెందుకు పోతున్నది?"

దాది ఆమె చెవి పట్టుకుని గోడ చాటుకు లాగింది. "నోరు మూయి. అడివిల జరమొచ్చి, మీ అన్న పది రోజుల కింద వచ్చిండు. ఇప్పుడు తక్కువైంది. రొట్టె తింటున్నడు."

"మా యాడికి సెప్పలేదేంది?"

"మీ యాడి మొఖం అద్దమే. సంబురమైతే సంబురమే కనపడ్తది. ఆ ఏడుపు సూసే కొమురెల్లి ఎనక్కి పోతున్నడు."

"ఏటా నాయక్ వాకిట్ల పెట్టే మంచె ఈడికి నువ్వే మార్పించినవా?"

"నాయక్ వాకిట్ల ఎండెక్కువున్నది," అని దాది చూపు తిప్పుకుంది.

"తొమ్మిదోనాడు బుట్టలు వాగుకు పోవాలె గద, దాదీ?"

దాది తలెత్తి ట్యాంకు వైపు చూసింది. ఇన్ని తెలివితేటల మధ్య ఆమె ఆ ఒక్క సంగతి మరిచింది. తీజ్ బుట్టను వాగులో కలపకుండా ఆపితే అన్నదమ్ములకు కీడు. ఆపడం ఎవరి తరమూ కాదు.

తొమ్మిదోనాడు కొమురెల్లి రానే వచ్చాడు. అతనిది పక్క ఊరే, తీజ్ సంగతి తెలిసినవాడు. "చెల్లె బుట్ట ఎటు వంగితే అటు పోయి పట్టుకరమ్మన్నడు మా సారు," అని చంద్రి పక్కన నడవసాగాడు.

ట్యాంకు నీడ దాటగానే చంద్రి నెత్తి మీది బుట్ట బరువెక్కినట్టయింది. అన్నను తలుచుకోవద్దు అనుకున్నకొద్దీ అన్నే గుర్తొచ్చాడు. కానీ ఆ గుర్తులో వెతుకులాట లేదు. పైన ఉన్నాడు, రొట్టె తిన్నాడు, జ్వరం తగ్గింది. దొరికిన మనిషిని మనసు ఎంతసేపని వెతుకుతుంది? ఖాళీ అయిన ఆ చోటులోకి, ఆమె పిలవకుండానే, బాపు వచ్చాడు. మూడేళ్ల కింద పత్తిచేనులో పిడుగు పడి పోయిన కన్నతండ్రి. ఆ మరునాటి నుంచి అన్నే జడలు వేశాడు, భుజాన ఎక్కించుకుని తిప్పాడు. అన్న ఉండగా ఆమెకు బాపును వెతికే అవసరమే రాలేదు. ఇప్పుడు మొదటిసారి, వాగు దారిలో అందరి పాటల మధ్య, చంద్రి బాపు కోసం ఏడ్చింది.

కొమురెల్లి వాగు దాకా ఆ బుట్ట వైపే చూశాడు. గాలి మళ్లింది. మిగతా బుట్టలు తలా ఒక దిక్కు చూపాయి. చంద్రి మొలకలు మాత్రం ఆకాశంలోకి నిలబడే ఉన్నాయి. అతడు టోపీ తీశాడు.

"అవ్వా, ఇగ నేను రాను. మా సారుకు సెప్త," అన్నాడు దాదితో, గంగి వైపు చూడలేక.

మోటారు సైకిల్ చప్పుడు దూరమయ్యాక దాది కోడలి మణికట్టు పట్టుకుని చెవిలో ఏదో చెప్పింది. గంగి ముఖం ఎలా మారిందో చూడడానికి అక్కడ పోలీసులెవరూ లేరు.

బుట్టను వాగులో కలిపే ముందు చంద్రి గుప్పెడు మొలకలు తుంచి కొంగున ముడేసింది. తీజ్‌నాడు అన్న తలపాగాలో చెల్లెలు మొలకలు పెట్టాలి. మరునాడు పొద్దున పైకి పోయిన రొట్టెల మూటలో అవి ఉన్నాయి.